వయోజనులకు అంకెల విద్య – మన కర్తవ్యం

(సూరత్ నగర శివారు డుమస్‌లో జరిగిన రైల్వే, తపాలా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ డుమస్ సముద్రతీరాన తెలుగు మాట వినిపించడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికై తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా నివసిస్తున్నాయి. నగరంలో తెలుగు మాధ్యమపు ప్రాథమిక పాఠశాలలు కూడా ఉన్నాయి. ఈ శ్రామికులను ఇక్కడికి చేర్చినది రైలు. వారి కష్టార్జితాన్ని ఏళ్ల తరబడి ఊరికి చేర్చినది మనియార్డరు. కనుక వారి చదువుతో మనకు సంబంధం లేదనడానికి వీలులేదు.

ఒకనాడు మనియార్డరు ఫారం నింపిపెట్టమని అడిగిన శ్రామికుడు నేడు ఫోను చేతికిచ్చి "బాబూ, కాస్త పంపిపెట్టు" అంటున్నాడు. ఆనాడు అతడు అప్పగించినది కాగితం, ఆ ఒక్కసారి పంపే పైకం మాత్రమే. నేడు రహస్య పిన్‌తో సహా తన ఖాతా మొత్తాన్నీ అప్పగిస్తున్నాడు. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

అతనికి లెక్క రాదనుకోవడం పొరపాటు. మీటరుకు రెండుంపావు రూపాయల చొప్పున 840 మీటర్లు నేశాడనుకుందాం. రెండు రెట్లు 1,680, పావు వంతు 210, వెరసి 1,890 అని నోటిలెక్కగా చెప్పగలడు. అయితే అదే మొత్తం తెరపై 1890.00 అని కనిపిస్తే, చుక్క సంగతి తెలియక లక్షా ఎనభైతొమ్మిది వేలని భ్రమపడవచ్చు. పంపేటప్పుడు సున్న ఒకటి ఎక్కువ పడితే 18,900 పోతుంది. అందుచేత నోటిలెక్కను అంకెలతో కలపడమే మొదటి పాఠం. మీట నొక్కడం ఆ తరువాతి పాఠం.

1978 అక్టోబరు 2న ఆరంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరాలతో పాటు లెక్కలనూ బోధించ సంకల్పించింది. 2022లో వచ్చిన నవభారత సాక్షరతా కార్యక్రమం డిజిటల్, ఆర్థిక పరిజ్ఞానాన్ని కూడా చేర్చి, బోధన భారాన్ని స్వచ్ఛంద సేవకులపై ఉంచింది. ఆ సేవకులు మనమెందుకు కాకూడదు?

ఇందుకు వేరే పాఠ్యపుస్తకం అక్కరలేదు. కూలి చీటీ, పొదుపు పాసుపుస్తకం, రైలు టికెట్టు చాలు. ఛార్జీ ఎంత, ఇచ్చినదెంత, చిల్లర ఎంత రావాలి అన్నది అతని చేతనే చెప్పించాలి. పంపే మొత్తాన్ని పైకి చదివిన తరువాతే మీట నొక్కే అలవాటు చేయాలి. డబ్బు పుచ్చుకొనడానికి పిన్ అవసరం లేదని, ఎవరైనా అడిగితే అది మోసమని బోధించాలి. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని తెలపాలి. అన్నింటికంటే ముఖ్యంగా, జాలిపడి అతని బదులు మనం నొక్కరాదు. ఆలస్యమైనా అతని వేలితోనే నొక్కించాలి.

అదే సమయంలో, ఫోను వచ్చినదన్న నెపంతో కౌంటర్లు తగ్గించడాన్ని మనం అంగీకరించరాదు. నేర్చుకొనేవానికి ఎదుట అడగడానికి ఒక మనిషి కావాలి. కౌంటరును కాపాడుకొందాం. కౌంటరు ముందు నిలిచిన శ్రామికుణ్ణి మరొకరి చేతికి లోబడని వానిగా తీర్చిదిద్దుదాం. ఈ రెండూ ఒకే పోరాటమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.