మొరాయించు గేరు

కోఠి కూడలిలో సాయంకాలము ఆరుగంటల వేళ కారు నడుపుట ఎట్టి పనియో శ్రోతలలో పెక్కుమందికి అనుభవమే. ముందు ఆటో, ప్రక్కన బస్సు, వెనుక పదిమంది హారనుల మ్రోత. అట్టి చోట ఆకుపచ్చ దీపము వెలిగినది. క్లచ్ పెడలును నేల తగులువరకు త్రొక్కినను మొదటి గేరు పడలేదు. బలముగా నెట్టినచో పండ్లు కొరికిన చప్పుడైనదే గాని గేరు లోనికి పోలేదు. చిక్కడపల్లిలో మా యింటి ప్రక్కనున్న యువకునకు కొన్ని మాసముల క్రిందట సంభవించిన చిక్కు ఇది.

అతనిది టర్బో ఇంజను గల వేగపు కారు. నాలుగేండ్ల జీతములో మిగిల్చి, తండ్రిగారు వలదనుచున్నను వినక, ఒకరు వాడిన బండిని కొన్నాడు. కోఠిలో జరిగిన పరాభవమునకు మరునాడే ఒక షెడ్డుకు తీసికొని పోయినాడు. అక్కడి వారు అయిదు నిమిషములు నడిపి చూచి, గేరుబాక్సు మొత్తము మార్చవలెనని చెప్పిరి. ఆ ఖర్చు బండి కొన్న ధరలో మూడవ వంతు. ఆ రాత్రి అతడు మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, అమ్మివేయమంటారా? నాన్నగారికి ఏ ముఖముతో చెప్పను?" అని అడిగినాడు. వర్క్‌షాపులలో ముప్పది యేండ్లు గడపినవాడను గనుక, తొందరపడవద్దనియు, ఉదయమున బండిని చూతమనియు చెప్పి పంపితిని.

మేము చూచినదేమియో చెప్పుటకు ముందు, గేరు మార్చునపుడు లోపల జరుగు పని తెలియవలెను. రెండవ గేరులో చక్రముల వైపు ఇరుసు ఒక చుట్టు తిరుగుటకు ఇంజను వైపు ఇరుసు రెండు చుట్లు తిరుగుననుకొందము. మూడవ గేరులో ఒక చుట్టుకు 1.4 చుట్లు చాలును. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగుచుండగా రెండవ గేరునుండి మూడవ గేరునకు మార్చితిమి. చక్రముల వేగము మారలేదు. కనుక ఇంజను వైపు ఇరుసు 4000 నుండి 2800 చుట్లకు తగ్గవలెను. అట్లు తగ్గి, రెండు వైపుల వేగము ఒకటైనప్పుడే పండ్లలో పండ్లు మెత్తగా కూర్చొనును.

ఈ వేగములను కలుపు భారము పూర్వము డ్రైవరుదే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో హైదరాబాదులో సర్వీసులు ప్రారంభించినది. ఆ శాఖకు వారసురాలైన సంస్థ ప్రధాన కార్యాలయము మన చిక్కడపల్లి దాపుననే యున్నది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అను పేరు అట్లు వచ్చినదే. ఆ తరము బండ్లను నడిపినవారు ఒక్క గేరు మార్చుటకు క్లచ్‌ను రెండుమార్లు త్రొక్కెడివారు: గేరును తటస్థమునకు తెచ్చుటకు ఒకమారు, కొంచెము ఆగి లేదా యాక్సిలరేటరు తగిలించి వేగములను కలిపిన తరువాత మరల ఒకమారు. చెవియే వారికి కొలబద్ద. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అను ఏర్పాటు వచ్చినది. పండ్లు కలియుటకు ముందే ఒక ఉంగరము గేరు శంకువును ఒరసికొని, రెండింటి వేగమును సమము చేయును. ఉంగరము సాధారణముగా ఇత్తడి జాతి లోహము. చిన్నదే గాని, మన చేతి సుఖమంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

అయితే ఆ ఉంగరము ఒక్క షరతుమీదనే పనిచేయును. క్లచ్ త్రొక్కినప్పుడు ఇంజనుకును గేరుబాక్సుకును సంబంధము పూర్తిగా తెగవలెను. ఆపవలసినది క్లచ్ ప్లేటును, ఇరుసును మాత్రమే అయినచో ఉంగరమునకు అది సాధ్యము. క్లచ్ సగమే విడిచినచో, తిరుగుచున్న ఇంజనుతోనే అది పెనుగులాడవలసి వచ్చును. అప్పుడే గేరు మొరాయించును.

మరునాడు ఉదయము చేసిన పరీక్షలు ఎవరైనను చేసికొనదగినవి. మొదటిది: ఇంజను ఆపి, క్లచ్ త్రొక్కి, గేర్లన్నియు వరుసగా వేసి చూడవలెను. ఇంజను ఆగియున్నపుడును గట్టిగానే యున్నచో దోషము గేరు కడ్డీనుండి గేరుబాక్సు వరకు పోవు తీగలలోనో, అరిగిన బుష్‌లలోనో, లోపలి ఫోర్కులలోనో ఉండవచ్చును. మా యువకుని బండిలో ఇంజను ఆపినంతనే గేర్లన్నియు వెన్నలో కత్తివలె దిగినవి. అనగా ఆ దారి అంతయు నిర్దోషము.

రెండవది: ఇంజను నడుచుచుండగా పెడలును ఒకమారు త్రొక్కి గేరు వేయవలెను; తరువాత వెంట వెంటనే రెండు మూడుమార్లు కొట్టి త్రొక్కి వేయవలెను. ఒకమారు త్రొక్కినప్పుడు పడని గేరు మూడవమారు పడినది. పెడలు బలమును క్లచ్‌కు చేరవేయు ద్రవములో గాలి చేరినదనియో, ఆ ద్రవము కారిపోవుచున్నదనియో దానికి అర్థము.

మూడవది ముందు వెనుకల ఖాళీ స్థలము చూచుకొని చేయవలెను. చదునైన చోట, కాలు బ్రేకు దాపున సిద్ధముగా నుంచి, క్లచ్ పూర్తిగా త్రొక్కి మొదటి గేరు వేసి, ఇంజను వేగమును కొద్దిగా పెంచవలెను. బండి తనంతట తాను ముందునకు ప్రాకినచో క్లచ్ విడువలేదన్నమాట. మా బండి జానెడు దూరము ప్రాకినది.

ఇక వెదకవలసిన చోటు ఒక్కటే. పెడలు వద్దనున్న మాస్టర్ సిలిండరు పొడిగా నున్నది. గేరుబాక్సు వద్దనున్న స్లేవ్ సిలిండరు రబ్బరు తొడుగును ఎత్తగా నల్లని ద్రవము వ్రేలికి అంటినది. ఈ ద్రవము బ్రేకులలో వాడునదే. దానికి గాలిలోని తేమను పీల్చు గుణమున్నది. డాట్ 4 జాతి ద్రవము క్రొత్తగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగరాదని ప్రమాణము. తేమ పట్టిన దానికి ఆ ప్రమాణము 155 డిగ్రీలే. రెండేండ్లకొకమారు దానిని మార్చుమని చెప్పుట అందులకే. ఈ బండిలో ఎన్నడును మార్చిన జాడ లేదు. క్రొత్త స్లేవ్ సిలిండరు వేసి, పాత ద్రవము తీసి క్రొత్తది పోసి, గాలి బుడగలు పోవువరకు వదలించితిమి. మధ్యాహ్నమునకు పని ముగిసినది. ఖర్చు గేరుబాక్సు వెలలో ఇరువదవ వంతైనను కాలేదు.

కథ ఇంతటితో సుఖాంతమైనదని చెప్పుటకు వీలులేదు. మొదటి గేరు, వెనుక గేరు చక్కబడినవి. కాని ఉదయపు చల్లదనములో మూడవ గేరు ఇంకను చిన్నగా గొణగుచున్నది. కోఠిలో గేరు పడక నిలిచిన దినమునకు ముందే, రెండు మాసములుగా, కొంచెము గట్టిగా నున్నదని అతనికి తెలియును. బలము పెట్టి నెట్టుచు వచ్చినాడు. పైగా అతనికి ఇంజనును 6000 చుట్లవరకు ఉరికించి గేరు మార్చుట సరదా. వేగము ఒకటిన్నర రెట్లైనచో ఉంగరము అణచవలసిన శక్తి రెండుంబావు రెట్లగును. క్లచ్ విడువని బండిలో ఆ సరదా తీర్చుకొనుచుండగా మూడవ గేరు ఉంగరము కొంత అరిగిపోయినది. దానిని మార్చుటకు ఏనాటికైనను గేరుబాక్సు విప్పక తప్పదు. మెత్తని చేతితో నడిపినచో ఆ దినము దూరమగును.

వేగపు బండ్ల యజమానులు చేయు మరి రెండు పొరపాట్లను ఇక్కడనే చెప్పవలెను. గేరు కడ్డీ కదలిక పొట్టిగా నుండవలెనని క్రొత్త అమరిక వేయింతురు. కదలిక మూడవ వంతు తగ్గినచో, అదే పనికి చేతి బలము ఒకటిన్నర రెట్లు కావలసి వచ్చును. అది జబ్బు కాదు, కోరి తెచ్చుకొన్న బరువు. ఇక నూనె. ఖరీదైన నూనె యెల్ల మంచిదని భ్రమపడరాదు. జీఎల్-5 తరగతి నూనెలలో గంధకము, భాస్వరము కూడిన మందులు అధికము; వానిలో కొన్ని ఇత్తడి ఉంగరములకు పడవు. బండితో ఇచ్చిన పుస్తకములో జీఎల్-4 అని యున్నచో అదియే పోయవలెను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్తు కార్ల పందెము జరిగినది. వానిలో గేరు మార్చు పనియే లేదు. రేపటి తరమునకు ఈ ప్రసంగము వింత కథగా తోచవచ్చును. అంతవరకు మాత్రము గేరు గట్టిపడినచో భుజబలము చూపకుడు. బండి మొరాయించుట ఒక వర్తమానము పంపుటయే. ముందు ఇంజను ఆపి చూడుడు, తరువాత పెడలు క్రింద చూడుడు, కట్టకడపట గేరుబాక్సు మాట తలపెట్టుడు.

ఆ యువకుడు బండిని అమ్మలేదు. మొన్నటి ఆదివారము తండ్రిగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నారాయణగూడ మీదుగా కోఠికి వెళ్ళి వచ్చినాడు. దారిలో ఆయన బండిని గూర్చి ఏమియు అనలేదట. దిగునపుడు మాత్రము, "ఆ నూనె మార్చవలసిన తేదీ ఎక్కడనైనా వ్రాసి పెట్టుకొన్నావా?" అని అడిగినారట.