వార్ధకమున నొప్పి: స్త్రీపురుష భేదము



మన భాషలో 'నొప్పి' యను మాట ఏకవచనమున నున్నంతవరకు అందరిది. తలనొప్పి, పంటినొప్పి, మోకాలినొప్పి అన్నప్పుడు ఆడమగ భేదము లేదు. దానినే బహువచనము చేసి 'నొప్పులు వచ్చినవి' అన్నచో ఇంటిల్లిపాది మంత్రసానికై పరుగెత్తుదురు. ఆ బహువచనము స్త్రీకి ప్రత్యేకించినది. ఈ చిన్న వ్యాకరణ విశేషములో మన లోకరీతి చాలవరకు ఇమిడియున్నది. స్త్రీకి నొప్పి సహజము, అది వచ్చును, ఓర్చుకొనవలెను, బిడ్డ పుట్టగానే మరచిపోవును అని మన తలంపు. పురిటినొప్పికైన అంతము కలదు. అరువది యేండ్లు దాటిన పిమ్మట మోకాళ్ళలోను నడుములోను వచ్చి కూర్చున్న నొప్పికి అంతము లేదు. దానిని గూడ మనము ఆ పాత తలంపుతోనే చూచుచున్నాము.

మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘవేదన యందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టిక పదునొకండవ కూర్పు 2022లో అమలునకు వచ్చినది. అందు దీర్ఘవేదనకు వేరుగా స్థానము నిచ్చిరి. నొప్పి మరియొక రోగమునకు గుర్తు మాత్రమే కాదు, తానే యొక రోగము కావచ్చునని దీని భావము. 'వేదన' యను సంస్కృతపదము విద్ ధాతువునుండి పుట్టినది. తెలియుట దాని యర్థము. నొప్పి యనుభవించువానికే తెలియును, ప్రక్కవానికి తెలియదు. అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘమువారు 2020లో తమ నిర్వచనమును సవరించుచు, నొప్పి యున్నదని మనుష్యుడు చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెననియు, చెప్పలేనివానికి నొప్పి లేదనుకొనరాదనియు వ్రాసిరి. ఈ రెండు మాటలు మన యిండ్లలో అమలు జరిగినచో సగము పని తీరును.

నేను హైదరాబాదు నగరమున ఎర్రగడ్డలో కాపురమున్నాను. రాయలసీమవారికి ఎర్రగడ్డ యనగా ఉల్లిపాయ. మిగిలిన తెలుగువారికి పిచ్చాసుపత్రి. 1953లో జాల్నానుండి ఇచ్చటికి తరలివచ్చిన ఆ మానసిక చికిత్సాలయము పేరు చెప్పి పరిహాసమాడని తెలుగువాడు అరుదు. కాని యీ పేటలో ఛాతీ ఆసుపత్రి కలదు, ఆయుర్వేద వైద్యశాల కలదు, యూనానీ పరిశోధనాలయము కలదు, చేరువనే సనత్‌నగరులో కార్మికుల ఈ.ఎస్.ఐ. ఆసుపత్రియు కలదు. అందుచేత మెట్రో రైలు దిగి వచ్చు వృద్ధదంపతులను నేను నిత్యము చూచుచుందును. మగవాడు కాగితముల సంచి పట్టుకొని ముందు నడచును. నాలుగడుగుల వెనుక ఆమె, ఇరుప్రక్కలకు ఊగుచు, మోకాలిపై చేయి మోపుకొనుచు వచ్చును. వైద్య మెవరికని యడిగినచో 'ఈయనకే' అని ఆమెయే తరచుగా చెప్పును. మరి నీ మోకాలి సంగతి యేమమ్మా యన్నచో, 'ముసలితనమన్నంక గివన్నీ ఉంటయి సారూ' అని నవ్వును.

లెక్కలను కొంచెము చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి గణనలో 2019వ సంవత్సరమున కీళ్ళ అరుగుదల గలవారు 52 కోట్ల 80 లక్షలమంది. అందు నూటికి 60 మంది స్త్రీలు. రుమటాయిడ్ కీళ్ళవాతము గలవారిలో నూటికి 70 మంది స్త్రీలు. మన దేశమున 2017–18లో 45 ఏండ్లు పైబడిన 72 వేలకు మించిన జనమును ఇంటింటికి పోయి ప్రశ్నించిరి. ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఈ పనిని నడపినది. నొప్పి యున్నదని చెప్పుకొన్నవారి పాలు అందును పురుషులలోకంటె స్త్రీలలోనే యెక్కువ. దీనికి ఆయువును గూడ చేర్చుకొనుడు. 2016–20 గణనలో మన దేశమున పురుషుని సగటు ఆయువు 68.6 ఏండ్లు, స్త్రీది 71.4 ఏండ్లు. స్త్రీ యెక్కువకాలము బ్రతుకును. ఆ యెక్కువకాలమును చాలమంది నొప్పితోను, భర్తతోడు లేకయు గడపుదురు.

శరీరధర్మమున భేదము లేదని నేననను. ఋతుక్రమ మాగిన పిమ్మట స్త్రీ యెముకలు త్వరితముగా గుల్లబారును. 2015లో కెనడా దేశపు పరిశోధకులు చిట్టెలుకలను పరీక్షించి, నొప్పిని వెన్నుపాములో నిలిపియుంచు కణములు మగవాటిలో ఒక జాతివి, ఆడువాటిలో వేరొక జాతివి యని కనుగొనిరి. అంతకుముందు పెక్కు పరీక్షలు మగ యెలుకలపైననే జరిగినవట! మనుష్యుల విషయమును దీనికి దూరము కాదు. అమెరికా ఔషధశాఖవారు బిడ్డలను కనదగిన వయస్సుగల స్త్రీలను క్రొత్త మందుల తొలి పరీక్షలలో చేర్చవలదని 1977లో చెప్పిరి. ఆ పద్ధతి 1993లో గాని మారలేదు.

ఎముకల మాట వైద్యులకు వదలి, నేను చెప్పదలచిన దానికి వచ్చెదను. నొప్పి యెంత యని కొలుచుట వేరు, ఆ నొప్పితో బ్రతుకు ఎట్లున్నదని కొలుచుట వేరు. రెండవదానిని నేడు 'జీవన నాణ్యత' యనుచున్నారు. నాణ్యము మన తాతలు వెండిబంగారములకు వాడిన మాట. బ్రతుకునకును ఒరగల్లు ఉండవచ్చునని వారు తలంపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 26 ప్రశ్నలతో అట్టి ఒరగల్లు నొకదానిని చేసిరి. దేహము, మనస్సు, తోడివారితో సంబంధము, పరిసరములు అని అందు నాలుగు భాగములు. నీ పనికి నొప్పి యెంత అడ్డుపడుచున్నది, నిద్ర పట్టుచున్నదా, చేతిలో డబ్బు చాలుచున్నదా, ప్రయాణమునకు వీలున్నదా, తీరికవేళ యున్నదా అని యడుగుదురు. తీరిక మాట మన పల్లెలో డెబ్బదియేండ్ల అవ్వ నడిగి చూడుడు. ప్రశ్నయే ఆమెకు అర్థము కాదు. ఇట్టి పరీక్షలలో వృద్ధస్త్రీలు పురుషులకంటె వెనుకబడుట పలుచోట్ల కనబడినది. కాని చదువు, ఆదాయము, వైధవ్యము లెక్కలోనికి తీసికొన్నచో ఆ యంతరము చాల తగ్గుచున్నది. అనగా భేదమంతయు ఎముకలలో లేదు. కొంత మన యింటి నడవడిలో ఉన్నది.

నల్లగొండ జిల్లాలో నేను బడిపంతులుగా నున్న కాలమున దీనిని కన్నులార చూచితిని. ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధి మన దేశమున మొదట 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో బయటపడినది. పిమ్మట నల్లగొండ దానికి పెట్టినది పేరైనది. ఒకే బావినీరు త్రాగి, ఒకే విధమున వెన్ను బిగిసిన ఆలుమగలను అచ్చట చూచితిని. ఆయన నాగలి విడిచెను, మంచమెక్కెను. పలుకరించుటకు వచ్చినవారు ఆయన మంచముప్రక్కనే కూర్చుండిరి. ఆమె వంగలేదు, మెడ త్రిప్పలేదు. అయినను పొయ్యి ఊదెను, వచ్చినవారికి చాయ కాచి యిచ్చెను. నీరు ఒకటి, రోగము ఒకటి, బ్రతుకులు మాత్రము రెండు. నొప్పి పురుషుని పనినుండి దింపును. స్త్రీని పనినుండి దింపదు. ఆమె పనికి విరమణ యను మాట లేదు.

ఇంకొక సంగతి గమనింపుడు. గీతకార్మికుడు తాటిచెట్టుపైనుండి పడి నడుము విరిగినచో, ఆ దినము, ఆ చెట్టు, సాక్షులు ఉందురు. ప్రభుత్వ పరిహారమునకు దారి కలదు. సింగరేణి గనిలో గాయపడినవానికి కాగితము పుట్టును. అది న్యాయమే. కాని నలువది యేండ్లు మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేసిన స్త్రీ నడుము ఏ దినమున విరిగినదని వ్రాయుదురు? నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో చేట ఒడిలో పెట్టుకొని దినమంతయు బీడీలు చుట్టిన ఆమె మెడనొప్పికి తిథివారము లేవి? కొంచెము కొంచెముగా పోగైన నొప్పికి సాక్షులుండరు.

పురుషులకు సుఖమని నేననుచున్నానని యెవరును పొరబడవలదు. వారి కష్టము వేరుజాతిది. మగవాడు నొప్పి చెప్పుకొనుటకు సిగ్గుపడును. 1991లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో, అడుగునది స్త్రీ యైనప్పుడు పురుషులు తమ నొప్పిని తగ్గించి చెప్పినట్లు తేలినది. రచ్చబండకు నడచిపోలేని దినమున పురుషునికి నొప్పికంటె ఆ పోలేకపోవుటయే ఎక్కువ బాధ. తగవులు తీర్చినవాడు గదిలో గోడవంక చూచుచు కూర్చుండును. భార్య పోయినచో ఆయనకు అన్నము పెట్టు చేయియు, మాట వినెడి చెవియు ఒకేసారి పోవును. విధవయైన స్త్రీ యింకొక యిల్లాలి గడపలో కూర్చుండి తన గోడు చెప్పుకొనగలదు. మగవానికి ఆ విద్య మనము నేర్పలేదు. మన దేశమున ఏటేట జరుగు ఆత్మహత్యలలో మూడింట రెండు వంతులకు మించి పురుషులవే. వానికి చెప్పబడు ముఖ్యకారణములలో వ్యాధిబాధ యొకటి. కాబట్టి మీ తోటి పెద్ద ఒకడు నాలుగు దినములు వరుసగా కనబడనిచో పోయి చూడుడు. మనస్సు చెదిరినవారి కొరకు 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్య 2022నుండి పనిచేయుచున్నది. వృద్ధుల ఇతర కష్టములకు 14567.

స్త్రీ నొప్పిని కొట్టివేయుటకు లోకము వాడిన మరియొక ఆయుధము 'అంతా మనస్సులోనిది' యను మాట. హిస్టీరియా యను పేరే గ్రీకుభాషలో గర్భాశయమునుండి వచ్చినది. అమెరికా మానసిక వైద్యుల గ్రంథమునుండి ఆ రోగనామమును 1980లో తొలగించిరి. మనయూళ్ళలో మాత్రము 'ఆమెను ఎర్రగడ్డకు పంపవలె' అను పరిహాసము నేటికిని జీవించియున్నది. ఎర్రగడ్డవాసిగా చెప్పుచున్నాను, మనస్సు నొచ్చినవారు వచ్చు చోటు పరిహాసమునకు తగినది కాదు. దీర్ఘవేదన మనస్సును క్రుంగదీయును, క్రుంగిన మనస్సు వేదనను పెంచును. రెంటికిని చికిత్స కలదు. మా పేటకు కొద్ది మైళ్ళలోనే ఫిలింనగరు ఉన్నది. అచ్చట తీసిన చిత్రములలో కుట్టుయంత్రముపై బట్టలు కుట్టి కొడుకును చదివించిన తల్లులను ఎందరినో చూచితిమి. ఆ తల్లి దగ్గును చూపిరి గాని నడుమునొప్పిని చూపిన జ్ఞాపకము నాకు లేదు!

ఇక చేయదగిన పనులు. నొప్పి గోళీలను దినదినము అంగడిలో కొని మ్రింగుట మొదట మానవలెను. అవి కడుపులో పుండ్లను కలిగించును, మూత్రపిండములను చెరచును. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ కళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములను చెరచి వాని వంశమునే తుడిచివేయుచుండగా, 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. జటాయువు సంతతికి పట్టిన గతి అది. మనుష్యులకు ఆ మందు నేటికిని కలదు. వైద్యుడు చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములే వాడవలెను.

మోకాలి యరుగుదలకు నడకయు, తొడకండరములను బలపరచు వ్యాయామమును మందులతో సమానమైన చికిత్స. కుర్చీలో కూర్చుండి ఒక్కొక్క కాలిని నిటారుగా చాచి, పదియెంచువరకు నిలిపి దింపవలెను. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. మగవారు ఉదయము నడకకు పోవుదురు. ఆడువారికి 'ఇంట్లో తిరుగుటయే నడక కదా' యందురు. అది సరి కాదు. ఇంటిచాకిరి వ్యాయామము కాదు, అరుగుదలయే. పొయ్యిని నేలమీదనుండి అరుగుపైకి ఎత్తుడు. 2014 పిమ్మట ఊరూర మరుగుదొడ్లు వెలసినవి, సంతోషమే. కాని గొంతుకూర్చుండలేని వృద్ధురాలు, పోవలసి వచ్చునను భయమున నీరు త్రాగుటయే మానుచున్నది. నడుమ రంధ్రముగల కుర్చీ నొకదానిని వడ్రంగి ఒక పూటలో చేసి యివ్వగలడు.

వైద్యునికడకు పోయినప్పుడు కొడుకో భర్తయో ఆమెకు బదులు మాటలాడుట మన మర్యాద. ఆ మర్యాదను ఆ పది నిమిషములు ప్రక్కన పెట్టుడు. ఆమెనే చెప్పనిండు. పోటు, సలుపు, గుంజుడు, తిమ్మిరి, మంట అని మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నవో ఆమెకు తెలిసినంతగా మనకు తెలియదు. మంటయు తిమ్మిరియు అన్నచో నరము, ఉదయము లేవగానే చాలసేపు కీళ్ళు పట్టివేసినచో వాతము అని వైద్యుడు ఆ మాటలనుండియే ఊహించును.

గ్రామపెద్దలకు ఒక్క విన్నపము. పింఛను పంచు దినమున తపాలా కచేరి ముందు ముసలివారు ప్రొద్దుటినుండి బారులు తీరుదురు. మగవారు చెట్టుక్రింది అరుగునో గోడనో ఆనుకొందురు. స్త్రీలు నేలమీద కూర్చుండి, లేచునప్పుడు ఒకరి చేయి యొకరు పట్టుకొని లేతురు. అచ్చట పదునెనిమిది అంగుళముల ఎత్తున నాలుగు సిమెంటు బల్లలు కట్టింపుడు. అంతకంటె తక్కువ ఎత్తైనచో మోకాళ్ళు లేవనీయవు. పంచాయతీ సమావేశమున దీనిని ప్రతిపాదించునాడు, బల్ల లెచ్చట వేయవలెనని ఆ స్త్రీలనే పిలిచి యడుగుడు.