ముసలి గుర్రానికి ఏం పెట్టాలి?

వీధుల్లో పెళ్లి బరాత్ వెళ్తుంటే వరుణ్ణి మోసే గుర్రాన్ని చూస్తుంటాం. అదీ ఒకనాటికి ముసలిదవుతుంది. డొక్కలు లోపలికి పోతాయి. బక్కచిక్కింది కదా అని దాణా పెంచుతారు. దాణా పెంచే ముందు నోరు చూడండి. గుర్రం పళ్లు బయటికి పెరుగుతూ, నమిలేకొద్దీ అరుగుతూ ఉంటాయి. 20 ఏళ్లు దాటాక ఆ పెరుగుదల తగ్గిపోతుంది, అరుగుదల ఆగదు. తొట్టి పక్కన సగం నమిలిన గడ్డి ఉండలు పడుంటే అదే ఆనవాలు. సరిగా నమలని గోధుమ భూసా (ఎండు గడ్డి తరుగు) పేగులో అడ్డుపడుతుంది. దాంతో వచ్చే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది.

మరి బలానికి గింజలు, బెల్లం వద్దా? మన పల్లెల్లో గుర్రానికి ఉలవలు పెట్టడం పాత అలవాటే, తప్పు కాదు. కానీ ఒంటితో పోలిస్తే గుర్రం జీర్ణాశయం చిన్నది. గింజలు ఒక్కసారే ఎక్కువైతే అరగనిది పెద్దపేగులోకి చేరి పులుస్తుంది. కొన్ని ముసలి గుర్రాలకు ఇన్సులిన్ అదుపు తప్పుతుంది. వాటికి బెల్లం పెడితే గిట్టల లోపల వాపు వచ్చి నిలబడలేకపోవచ్చు. గోధుమ తవుడు మెత్తనిదే, అయితే అందులో కాల్షియం తక్కువ. అదొక్కటే తిండి కాకూడదు. ఎండిన బర్సీమ్ మేతను సన్నగా తరిగి, బాగా నానబెట్టి, కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. అంత ఖర్చు ఎక్కడిదంటారా? నానబెట్టడానికి కావలసింది నీళ్లు, ఓపిక. మేత మార్పు పది రోజుల్లో మెల్లగా జరగాలి. చలికాలంలో గోరువెచ్చని నీళ్లివ్వండి. అపార్ట్‌మెంట్ లాన్ కోసిన పచ్చిక మాత్రం వేయకండి, కుప్పలో త్వరగా పులుస్తుంది. మూత్రపిండాల జబ్బుంటే బర్సీమ్ కూడా పశువైద్యుణ్ణి అడిగాకే. మళ్లీ చెబుతున్నాను, ముందు నోరు చూపించండి.