పరీక్ష పేపరుకే పరీక్ష

 

"నువ్వు చేసే పనేమిట్రా?" అని ఇందాక సైన్సు మాస్టారు అడిగారు. పరీక్ష పేపర్లకే మార్కులు వేస్తుంటానండీ.

కంప్యూటరు వేగం తేల్చడానికి కొన్ని నమూనా ప్రోగ్రాములు నడిపి చూస్తారు. వాటిని బెంచ్‌మార్కులంటారు. జావాకు 1998లో స్పెక్ సంస్థ అలాంటి సెట్టు ఒకటి ఇచ్చింది. జావాలో ప్రోగ్రామును క్లాసులుగా రాస్తాం (మన పదో క్లాసుతో సంబంధం లేదు లెండి). ఒక క్లాసు లక్షణాలు ఇంకో క్లాసుకు వారసత్వంగా వస్తాయి. తీరా చూస్తే ఆ సెట్టులోని 'కంప్రెస్' పాత సి ప్రోగ్రాముకు జావా చొక్కా తొడిగినదే!

వారసత్వం ఎన్ని మెట్ల లోతుంది, ఒక క్లాసు ఎన్నింటి మీద ఆధారపడింది లాంటి ఆరు కొలతలను 1994లో చిదంబర్, కెమెరర్ ఇచ్చారు. 2006లో 11 ప్రోగ్రాములతో డకాపో సెట్టు తెచ్చినవాళ్లు, వీటితోనే దాన్ని పాత సెట్టుతో పోల్చి చూపారు.

అయితే రాసిన క్లాసులన్నీ నడవవు. అందుకే ప్రోగ్రాము నడుస్తుండగా, ప్రతి పిలుపు దగ్గరికి ఎన్ని రకాల ఆబ్జెక్టులు వచ్చాయో లెక్కపెట్టాలి. చాలా చోట్ల వచ్చేది ఒకటే రకం. అది పసిగట్టిన కంపైలరు వెతుకులాట మానేసి నేరుగా దూకుతుంది. పేపరులో ఆ ప్రశ్నే లేకపోతే, కంపైలరు రాసేవాళ్లు లూపుల మీదే ఏళ్లు ధారపోస్తారు. స్కోరు పెరుగుతుంది, బ్యాంకు కౌంటరు దగ్గర మీ నిరీక్షణ తగ్గదు.

డకాపో ఉచితంగా దొరుకుతుంది. చూడాలనుకునే పిల్లలు భోజనాలయ్యాక లైబ్రరీకి రండి, ల్యాప్‌టాప్ తెచ్చాను.