వార్తలలోని దేశము, మనమెరిగిన దేశము

(బళ్లారిలో జరిగిన మన సంఘ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



మొన్న ఈ రాష్ట్రమున ఎచటనో భాషను గూర్చి కలహము జరిగినదని టెలివిజనులో చూపిరి. ఆ సాయంకాలమే గుంటూరునుండియు, హైదరాబాదునుండియు బంధువులు ఫోను చేసి, "క్షేమమేనా? అంగడి తెరచితిరా?" అని యడిగిరి. ఆ వేళ మేము కన్నడ మిత్రులతో కూర్చుండి వేరుసెనగ లెక్కలు చూచుకొనుచుంటిమి. బంధువుల ప్రేమ నిజము. వారు చూచిన కలహమును నిజమే. ఆ రెండు నిమిషముల దృశ్యమే మా ఊరంతయు నని తలచుటలోనే పొరపాటున్నది.

వర్తకులము మచ్చు చూచి సరకు కొందుము. అడుగున పుచ్చిన గుప్పెడు తీసి, బస్తాయంతయు నిట్టిదే యనువాడు సరకు తెలియనివాడైనను కావలెను, ధర తగ్గింపగోరువాడైనను కావలెను. పైన మేలైనవి పేర్చి చూపువారిని గూడ మేమెరుగుదుము.

1960లో సెలిగ్ హారిసన్ అను అమెరికా పత్రికారచయిత, భాషాభేదములచే భారతదేశము చీలవచ్చునని శంకించి పెద్ద గ్రంథమే వ్రాసెను. ఊరక శంకింపలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో అసువులు బాసిరి, అల్లర్లు చెలరేగెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మన జిల్లా రెండయ్యెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయెను; బళ్లారితో కూడ తక్కినవి మైసూరునకు చేరెను. ఆనాడు మన ఇండ్లలో కలిగిన దుఃఖమును పెద్దలు చెప్పగా వింటిమి. అది పత్రికల కెక్కినది. పిదప జరిగినది ఎక్కలేదు. ఆదవానితో వియ్యములు ఆగలేదు. అచటి సంతకు మన సరకు పోవుట మానలేదు. రెండు భాషలలో లెక్క వ్రాయగల గుమాస్తాలు మన అంగళ్లలో నిలిచిరి. కలహింపకుండుట వార్త కాదు గదా!

1967లో లండను టైమ్స్ పత్రికకు ఢిల్లీ విలేఖరియైన నెవిల్ మాక్స్‌వెల్, మన నాల్గవ సాధారణ ఎన్నికలే తుది ఎన్నికలు కాగలవని వ్రాసెను. కరవు, రూపాయి విలువ తగ్గుట, రెండేండ్లలో ఇద్దరు ప్రధానులు గతించుట, అతడు చూచినవన్నియు నిజమే. ఆ ఎన్నికలలో మద్రాసు మొదలగు పలు రాష్ట్రములందు పాలకపక్షమోడెను, ఓడినవారు దిగిపోయిరి. 2024లో పదునెనిమిదవ లోకసభకు 64 కోట్లకు పైబడి జనులు వోటు వేసిరి.

అట్లని చెడు వ్రాసిన ప్రతివాడును దేశమునకు శత్రువనుట మాకు సమ్మతము కాదు. 1943 ఆగస్టులో వంగదేశపు కరవునాడు, కలకత్తా వీధులలో ఆకలిచే కూలినవారి ఛాయాచిత్రములను స్టేట్స్‌మన్ పత్రిక ప్రచురించెను. సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆంగ్లేయుడే. కరవును దాచజూచినదియు ఆంగ్ల ప్రభుత్వమే. ఆ చెడువార్త ఉపకారము. 1975 జూన్ మొదలు 1977 మార్చి వరకు అత్యవసర పరిస్థితిలో పత్రికలు సెన్సారునకు లోబడెను. ఆ నాళ్లలో మంచి వార్తలకు కొదవయే లేదు! బస్తాపైన మేలిసరకు పేర్చుట యనగా నదియే. మాక్స్‌వెల్ మాట నిజమగునేమో యని పెద్దలు భయపడినదియు అప్పుడే.

ఇక మన వారపత్రిక. గత సంవత్సరపు సంచికలు తిరుగవేసితిమి. తెలుగు బడికి ఉపాధ్యాయుడు లేడు, పాఠ్యపుస్తకములు రాలేదు, అర్జీకి బదులు లేదు. పుట పుటకును ఇవియే. వ్రాయవలసినవే, వ్రాయుదము. కాని మన పిల్లలు ఇవియే చదివి, ఈ గడ్డపై తమకు చోటు లేదని తలచినచో నేరమెవరిది? లండను విలేఖరిది మాత్రము కాదు.

కావున కార్యవర్గమువారిని కోరుచున్నాము. ఫిర్యాదు వచ్చినపుడు ఆ కార్యాలయమువారి సమాధానమును తెప్పించి ప్రక్కనే వేయవలెను. ఉపాధ్యాయుడు వచ్చిననాడు ఆ మాటను గూడ అంతే పెద్ద అక్షరములలో వేయవలెను. గత వర్షాకాలమున మన బడి గోడ కూలినపుడు, అడుగకయే రెండు బండ్ల ఇటుక తోలించిన కన్నడ సోదరుని సంగతి మన పత్రికలో నేటివరకు రాలేదు. దానిని వచ్చే సంచికకు మేమే వ్రాసి యిచ్చెదము.