పిడి లేని టీ కప్పులు

ఇంగ్లండులో పాత పింగాణీ కప్పులు ఏరి ఏరి పోగుచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏముంది వాటిలో అంటారా? 18వ శతాబ్దపు టీ కప్పులకు చాలావాటికి పిడి ఉండదు, చిన్న గిన్నెల్లా ఉంటాయి. చైనానుంచి టీతోపాటు వచ్చినవాటిని చూసి అలా చేసుకున్నారన్నమాట. కాఫీ కప్పుకు మాత్రం పిడి పెట్టేవారు. తమాషా ఏమిటంటే రెండింటికీ సాసరు ఒక్కటే! ఒకేసారి రెండూ తాగరు కదా. ఆ పొదుపు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

అప్పట్లో ఇంగ్లీషు పింగాణీకి ఒక జబ్బుండేది. మరిగే నీళ్ళు పోస్తే చాలాసార్లు పగిలేది. 1751లో వూస్టర్ పట్నంలో డాక్టర్ జాన్ వాల్ మరికొందరితో కలిసి పెట్టిన కార్ఖానాలో, మట్టిలో బలపపు రాయి పొడి కలిపారు. ఆ కప్పులు వేడికి తట్టుకున్నాయి. ఇల్లాలికి కావలసింది అదే కదండీ! శతాబ్దం చివరికి స్పోడ్ కార్ఖానావారు ఎముకల బూడిద దాదాపు సగంపాలు కలిపి బోన్ చైనాకు ఒక స్థిరమైన రూపు తెచ్చారు. మడీ ఆచారం ఉన్న ఇళ్ళలో ఈ మాట వింటే ముక్కుమీద వేలేసుకుంటారు!

ఇక కొనడం దగ్గరే చిక్కంతా. వూస్టర్ కప్పు అడుగున నీలిరంగు నెలవంక గుర్తు తరచు కనిపిస్తుంది. కానీ ఆ గుర్తును వేరేవాళ్ళూ వేసుకున్నారు. గుర్తు చూసి డబ్బు తీశామా, మునిగామన్నమాటే. లైటుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. పాత వూస్టరు పింగాణీలో సాధారణంగా లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. అడుగున 'ఇంగ్లండ్' అని అచ్చు ఉంటే, అది మామూలుగా 1891 తర్వాతి సరుకు. దిగుమతి సరుకుమీద దేశంపేరు ఉండాలని అమెరికా చట్టం చేసిన ఫలితం అది. అలాంటి కప్పును వాల్‌గారి నాటిదని ఎవరైనా అమ్మజూపితే, నవ్వి ఊరుకోవడమే.

కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే గోటితో మెల్లగా మీటండి. ఖంగుమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. కొత్తగా పూత పూసి మరమ్మతు దాచినా, చాలాసార్లు అల్ట్రావయొలెట్ దీపం కింద ఆ చోటు వేరేగా బయటపడుతుంది.

పూర్వం పగిలిన కప్పును పారెయ్యకుండా లోహపు కుట్లు వేయించేవారు, మనం బిందెకు మాటు వేయించినట్టే. కుట్లున్నదానికి ధర తక్కువ. నన్నడిగితే ముందు అదే తీసుకోమంటాను. ఏ ఇల్లాలో ప్రాణం ఒప్పక దాచుకున్న కప్పది! ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పాత కప్పుల్ని పిడిపట్టి కొక్కేనికి తగిలించకండి. పిడి విడిగా చేసి అతికించినది. ముందు ఊడేది అక్కడే.