ఆకాశంలో రచ్చబండ



కోలారు గనుల చరిత్ర చెప్పేవారు సాధారణంగా బంగారాన్ని గురించే చెబుతారు. కాని ఈ నేలకు మరొక ఘనత కూడా కలదు. 1902లో శివనసముద్రం వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద పయనించి ఈ గనులకు చేరింది. 1965లో ఇక్కడి భూగర్భంలోనే, అంతరిక్ష కిరణాల తాకిడికి వాయుమండలంలో పుట్టిన న్యూట్రినోల జాడను శాస్త్రజ్ఞులు పట్టుకొన్నారు. తీగ మీద వచ్చిన శక్తినీ, తీగ లేకుండా వచ్చిన కణాన్నీ చూసిన ఈ గడ్డ మీద, తీగ లేకుండా సాగే సంభాషణను గురించి ప్రస్తావించుకోవడం అసందర్భం కాదు.

అమెచ్యూర్ రేడియో అనగా లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ అనుమతితో, సొంత యంత్రం ద్వారా తోటి అభిరుచిపరులతో మాట్లాడుకొనే విద్య. వీరిని లోకం ‘హామ్’లని పిలుస్తుంది. మన దేశంలో 1921లో కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తు దీనికి శ్రీకారం చుట్టారు. 1978 నాటి నియమావళి క్రింద పరీక్ష ఉత్తీర్ణులైనవారికి ‘వీయూ’ అక్షరాలతో మొదలయ్యే పిలుపు సంకేతం లభిస్తూ వచ్చింది. పన్నెండేళ్లు నిండిన బాలబాలికలు కూడా ఈ పరీక్షకు కూర్చొనవచ్చు. వ్యాపార విషయాలు మాట్లాడరాదు. రహస్య సంకేతాలు వాడరాదు. ఏది చెప్పినా సాదా భాషలో చెప్పాలి.

ఈ అభిరుచిపరులు నియమిత వేళకు, నియమిత తరంగం మీద కలుసుకొనే కూటమిని ‘నెట్’ అంటారు. తెలుగులో దీనికి రచ్చబండ అన్నంత చక్కని పేరు మరొకటి దొరకదు. హైదరాబాదు మిత్రులు ఉదయవేళ నడిపిన ‘చార్మినార్ నెట్’ దేశంలో పేరెన్నికగన్నది. రచ్చబండకు పెద్ద ఉన్నట్లే నెట్‌కు ఒక నిర్వాహకుడు ఉంటాడు. ఆయన ముందుగా ఆ తరంగం మీద వేరెవరైనా మాట్లాడుతున్నారేమో అడుగుతాడు. తరువాత హాజరు పిలుస్తాడు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు గనుక, వంతు కోసం వేచి ఉండడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. అత్యవసరమైనవాడు ‘బ్రేక్’ అంటే చాలు, అందరూ ఆగుతారు. కొందరు తమ ఊరి వాన సంగతి మరీ దీర్ఘంగా వర్ణిస్తారన్న ఫిర్యాదు లేకపోలేదు. రచ్చబండ అన్నాక ఆ మాత్రం తప్పదు!

అక్కడ వారు ఏమి మాట్లాడుకొంటారు? ఎక్కువగా పనికివచ్చే చిట్కాలే. ఉదాహరణకు, 7 మెగాహెర్ట్జ్ తరంగానికి ఏరియల్ కట్టాలంటే సుమారు 20 మీటర్ల రాగి తీగ చాలు. దానిని నడిమికి తెంచి, రెండు ముక్కల మొదళ్లకు యంత్రం నుండి వచ్చే కేబులు కలిపి, రెండు కొసలను నీలగిరి చెట్లకు గట్టిగా లాగి కట్టాలి. కొసల వద్ద ఇన్సులేటరు మరువరాదు.

మరొక చిట్కా ఈ సభలోని పిల్లలకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఇంటి షార్ట్‌వేవ్ రేడియోలో ఈ నెట్‌ను పట్టుకొంటే మాటలకు బదులు బాతు కూతలు వినిపిస్తాయి. కారణమేమనగా, హామ్‌లు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాటను మోసుకొచ్చే వాహక తరంగాన్ని పంపరు. శక్తి ఆదా కోసం దానిని ఆపివేస్తారు. ఆ లోటును శ్రోతే పూరించుకోవాలి. మరొక షార్ట్‌వేవ్ రేడియోను పక్కనే పెట్టి, దాని ముల్లును 6.6 మెగాహెర్ట్జ్ దగ్గర మెల్లమెల్లగా కదపాలి. ఆ రేడియో లోపలి ఆసిలేటరు సాధారణంగా ముల్లు చూపేదానికన్నా 455 కిలోహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. అంటే సరిగా 7.05 చేరువకు వస్తుంది. ఒక్క వెంట్రుకవాసి తేడాలో బాతు కాస్తా మనిషై మాట్లాడుతుంది. ఏ ప్రయోగశాలా అక్కరలేని భౌతికశాస్త్ర పాఠమిది.

ఇక కోలారు స్థానబలం చూడండి. గనుల పట్టణం నుండి హైదరాబాదు సూటిగా సుమారు 490 కిలోమీటర్లు. చెన్నై సుమారు 215. పెద్ద ఎత్తు లేని ఏరియల్ నుండి పైకెగిసిన 7 మెగాహెర్ట్జ్ తరంగం అయనమండలాన్ని తాకి, దాదాపు ఆ దూరాలలోనే తిరిగి నేలకు దిగుతుంది. ఉదయం దీనికి అనుకూలమైన వేళ. ఎండ ముదిరేకొద్దీ క్రింది పొర తరంగాన్ని మింగివేస్తుంది. రాత్రికి దగ్గరివారు వినపడక దూరదేశాలవారు వినపడతారు. హైదరాబాదు స్వరం చెన్నైకి అందని ఉదయాన కోలారు హామ్ ఇద్దరినీ వినగలిగితే, ఒకరి మాట మరొకరికి అందించవచ్చు. దీనినే ‘రిలే’ అంటారు.

ఈ రిలే అలవాటు ఎంతటి విలువైనదో 2004 డిసెంబరు 26న లోకానికి తెలిసింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరపున భారతీ ప్రసాద్ బృందం అప్పటికి అండమాన్‌లో ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ దీవుల నుండి హామ్ ప్రసారం లేనందున, ప్రపంచంలోని అభిరుచిపరులతో మాట్లాడడానికి వారు వెళ్లారు. సునామీ వచ్చి టెలిఫోనులు మూగబోయిన గంటలలో అదే యంత్రం పోర్టుబ్లెయిర్ నుండి క్షేమసమాచారాలు పంపే కేంద్రమైంది. ప్రధానభూమి మీది హామ్‌లు ఆ పేర్లను వ్రాసుకొని బంధువులకు చేరవేశారు. పేరు ఒక్కొక్క అక్షరంగా పలకడం, విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోవడం వారికి ఆనాడు ఎవరూ నేర్పలేదు. నిత్యం ఉదయపు ముచ్చట్లలో అబ్బిన విద్య అది.

ఖరీదైన యంత్రం కావాలేమోనన్న శంక అక్కరలేదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ సులువుగా దొరికే విడిభాగాలతో చేసుకోదగిన ‘బిట్‌ఎక్స్’ అనే యంత్రాన్ని రూపొందించి, దాని పటాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. దేశదేశాలవారు దానిని చేసుకొన్నారు. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగిరిన ‘హామ్‌శాట్’ ఉపగ్రహం సైతం 2014 వరకు వీరికి ఉచితంగానే సేవ చేసింది.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడ్డాయి. మోటారు శబ్దం విని దోషం చెప్పగల ఎలక్ట్రీషియన్లు, తీగ ముడి చూసి దాని బలం చెప్పగల ఫిట్టర్లు ఆ గనులలో తయారయ్యారు. వారి నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు. చేతి నుండి చేతికి, నోటి నుండి చెవికి నడిచిన విద్య అది. నెట్‌లో చిట్కాలు సాగేదీ అదే బాటలో. ఈ విషయమై గ్రంథాలు ఆంగ్లంలో విస్తారం, తెలుగులో స్వల్పం. అయితే నియమం కోరేది సాదా భాషనే గాని ఆంగ్లాన్ని కాదు. తమిళం, కన్నడం, తెలుగు ఒకే వీధిలో వినిపించే ఈ జిల్లాలో, టంకం వేసే మెలకువను ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ మనవడికి తెలుగులో చెబితే, దానిని కుప్పంలోనో చిత్తూరులోనో మరో బాలుడు కూడా వినవచ్చు.

నెట్ ముగించే ముందు నిర్వాహకుడు, ఇంకెవరైనా మిగిలారా అని అడిగి కొద్దిసేపు మౌనంగా ఉంటాడు. బ్యాటరీ మీద, చిన్న యంత్రంతో, అప్పుడే పరీక్ష నెగ్గిన కుర్రవాడి సన్నని స్వరం వినిపించేది ఎక్కువగా ఆ మౌనంలోనే.